తలకోనకు ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

వేసవి సెలవులు కదా అని మే నెలలో తలకోన జలపాతానికి బయలుదేరితే సన్నటి ధారే కనిపించవచ్చు. తిరుపతి వైపు జోరు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందుకే నవంబరు చివరి నుంచి జనవరి వరకు వెళ్లడం మేలు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే మాత్రం ఆ వారం మానుకోండి. కొండల్లో కురిసిన నీళ్లు వాగులోకి ఒక్కసారిగా దూకుతాయి, కింద ఎండ కాస్తున్నా సరే.

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్‌లో మలుపులు ఇరుకు, చీకటి పడ్డాక నడపొద్దు. ఉదయం 7 గంటలకల్లా బయలుదేరితే ఎండ ముదరకముందే కొండెక్కవచ్చు. పెట్రోలు తిరుపతిలోనే పోయించుకోండి.

ముందు సిద్ధేశ్వరస్వామి గుడి వస్తుంది. అక్కడి నుంచి అడవి బాటలో నడక, రాతి మెట్లు. దారిలో చెట్లను చుట్టుకున్న గిల్లతీగలను తీరిగ్గా చూడండి, జలపాతం ఎక్కడికీ పోదు. ధార సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది.

ఇక్కడ పాచితో జాగ్రత్త. తడి బండ మీద రబ్బరు చెప్పులు నిలవవు. పట్టున్న బూట్లు వేసుకోండి. గుండం లోతు పైకి తెలియదు, ఈత వచ్చినా దిగొద్దు. తినుబండారాలు చేతిలో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి, మూసిన సంచిలో పెట్టండి. మనిషికి 2 లీటర్ల నీళ్లు చాలు.