పీహెచ్‌డీ నివేదికలో ‘సంతృప్తికరం’ అని రాసే ముందు

చాలా విభాగాల్లో స్కాలర్ ఫైలు తీసి చూస్తే ఆరు నెలలకోసారి పెట్టిన నివేదికలు వరుసగా ఉంటాయి. ప్రతిదాని కింద ‘పురోగతి సంతృప్తికరం’ అన్న మాట, గైడ్ సంతకం, తేదీ. ఐదో ఏడు వచ్చేసరికి మాత్రం ఒక్క అధ్యాయమూ పూర్తయి ఉండదు. పని ఎక్కడ ఆగిందో ఆ ఫైలు చూసి ఎవరూ చెప్పలేరు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి: స్కాలర్ ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన పనిని వివరించి, నివేదిక ఇవ్వాలి, కమిటీ తన సిఫారసులను విశ్వవిద్యాలయానికి పంపాలి. ఈ కమిటీని కొన్నిచోట్ల డీఆర్‌సీ అంటారు, కొన్నిచోట్ల డాక్టోరల్ కమిటీ అంటారు. పేరు ఏదైనా, ఆ సమావేశంలో బల్ల మీద ఏం పెట్టించి చూస్తున్నారన్నదే ముఖ్యం.

తేదీల షీటు

ప్రతి స్కాలర్‌కూ ఒకే పేజీ షీటు తయారు చేయండి. అది గైడ్ దగ్గర కాకుండా విభాగం ఆఫీసులో ఉండాలి. అడ్మిషన్ తేదీ, కోర్స్‌వర్క్ పూర్తయిన తేదీ, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదం, అవసరమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, జరిగిన ప్రతి సమీక్ష, ఫెలోషిప్ మారే తేదీ, ముగిసే తేదీ, రిజిస్ట్రేషన్ గడువు అన్నీ అందులో రాయాలి.

గడువు లెక్క ఇలా ఉంటుంది. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్ల వరకు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఆపైన ఇంకో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. వారికి మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. మహిళా స్కాలర్లు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు తీసుకోవచ్చు.

కానీ ప్రణాళికను ఆరేళ్లకు వేయకండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2 ఏళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 3 ఏళ్లు కలిపి ఫెలోషిప్ ఐదేళ్లకే ఆగిపోతుంది. ఆరో ఏడు వచ్చిందంటే స్కాలర్ చేతిలో డబ్బు ఉండదు, పార్ట్‌టైం పాఠాలు వెతుక్కుంటారు, రాత అక్కడితో ఆగుతుంది. అందుకే థీసిస్ సమర్పణను నాలుగున్నరేళ్ల దగ్గర పెట్టుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి. రాతకు కనీసం ఏడాది తీసేస్తే, డేటా లేదా మూలగ్రంథాల పని మూడున్నరేళ్లకు ముగియాలి. సమర్పించాక మూల్యాంకనం, వైవా కలిపి ఆరు నెలల్లో పూర్తి కావాలన్నది నిబంధన.

శాతాలు వద్దు, వస్తువులు అడగండి

‘డేటా సేకరణ 70 శాతం పూర్తయింది’ అన్న వాక్యంతో ఎవరికీ ఏమీ తెలియదు. ప్రతి లక్ష్యాన్నీ చేత్తో పట్టుకుని చూడగల పనులుగా విడగొట్టాలి. నల్గొండ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ మీద పనిచేసే స్కాలర్ ఉన్నారనుకోండి. 60 బావులు, రుతుపవనాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండేళ్లపాటు: మొత్తం 240 నమూనాలు. సమీక్షలో అడగవలసింది ఎన్ని బావుల నమూనాలు ల్యాబ్‌కు చేరాయి, ఎన్నింటి ఫలితాలు రిజిస్టర్‌లో ఎక్కాయి, మీటర్ కాలిబ్రేషన్ రికార్డు ఏది అని. ఇలాంటి పనిలో మే నెల నమూనాలు తప్పితే మళ్లీ మే దాకా ఆగాల్సిందే. ఆరు నెలల ఆలస్యం అనుకున్నది ఏడాది అవుతుంది. కాబట్టి కాలంతో ముడిపడిన పనులను షీటులో ఎర్ర సిరాతో రాసి, వాటికి నెల ముందే విడిగా ఒకసారి విచారించాలి.

తెలుగు శాఖలో తాళపత్ర ప్రతుల పరిష్కరణ (వేర్వేరు ప్రతులు పోల్చి సరైన పాఠం తేల్చడం) చేసే స్కాలర్‌కు కొలతలు వేరు. ఎన్ని ప్రతులు చూశారు, ఎన్నింటికి నకలు రాసుకున్నారు, పాఠాంతరాల పట్టిక ఎంతవరకు వచ్చింది అని అడగాలి. మొదటి రెండేళ్లు చదవడమే పనిగా గడిచే అంశాల్లో, చదివిన ప్రతి గ్రంథానికీ అరపేజీ వ్యాఖ్యతో కూడిన పట్టిక తెమ్మనండి. ‘చదువుతున్నాను’ అన్న జవాబు వెనక ఏముందో అది తేల్చేస్తుంది.

ల్యాబ్ పనిలో మరో సంగతి. విఫలమైన ప్రయోగం కూడా పురోగతే, నోట్‌బుక్‌లో తేదీతో, కారణంతో నమోదై ఉంటే. ఫలితం వచ్చిన ప్రయోగాలనే లెక్కించే కమిటీ, తెలియకుండానే స్కాలర్‌ను దొంగ లెక్కలు రాసే వైపు నెడుతుంది.

నివేదిక, సమావేశం

నివేదిక రెండు పేజీలు మించనక్కర్లేదు. పోయినసారి ఒప్పుకున్న పనులు, వాటిలో అయినవి, అందుకు జతచేసిన ఆధారాలు, కానివి, ఎందుకు కాలేదన్న కారణం, రాబోయే ఆరు నెలలకు తేదీలతో సహా మూడు నుంచి ఐదు పనులు. ఇది సభ్యులకు పది రోజుల ముందు చేరాలి. సమావేశం రోజు పొద్దున ఇచ్చిన నివేదికను ఎవరూ చదవరు. అప్పుడు చర్చంతా స్లైడ్ల అందం చుట్టూ తిరుగుతుంది.

ఒక్కో స్కాలర్‌కు 45 నిమిషాలు కేటాయించండి. ఒకే మధ్యాహ్నం పన్నెండు మందిని కూర్చోబెడితే సమీక్ష హాజరు పట్టీగా మారుతుంది. 15 నిమిషాలు వివరణ, 20 నిమిషాలు ప్రశ్నలు. స్లైడ్‌లోని ఏదో ఒక గ్రాఫ్ చూపించి, దాని ముడి డేటా అప్పటికప్పుడు తెరవమనండి. తెరవలేకపోతే డేటా భద్రంగా లేదన్నమాట, లేదా విశ్లేషణ ఇంకెవరో చేశారన్నమాట. రెండూ అప్పుడే తెలియడం మంచిది. ‘ఈ ఫలితం రాకపోతే తర్వాతి అడుగు ఏమిటి?’ అన్న ప్రశ్న తప్పక వేయాలి.

చివరి పది నిమిషాలు గైడ్ బయటికి వెళ్లి, స్కాలర్ మిగతా సభ్యులతో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. కమిటీకి కన్వీనర్ గైడే. ‘మా సార్ అధ్యాయం తీసుకుని నాలుగు నెలలైంది’ అన్న మాట ఆయన ఎదుట ఏ స్కాలరూ అనరు. ఈ పది నిమిషాలు లేకపోతే ఆలస్యానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి ఎన్నటికీ కాగితం మీదికి రాదు. ఒకరిద్దరికి కాక అందరికీ ఇదే పద్ధతి పాటిస్తే గైడ్‌లూ తప్పు పట్టరు.

తీర్పు ఎలా రాయాలి

మూడు స్థాయిలు చాలు: అనుకున్నట్టే సాగుతోంది, నెమ్మదించింది, ఆగిపోయింది. ఏ స్థాయి అయినా పక్కన రెండు వాక్యాల కారణం ఉండాలి. మినిట్స్ (సమావేశ నమోదు) అదే రోజు రాసి సంతకాలు తీసుకోండి. వారం తర్వాత రాస్తే ‘సంతృప్తికరం’ తిరిగి వచ్చేస్తుంది.

నెమ్మదించిన పనికి ఒకే మందు ఉండదు. పరికరం పాడై ఆరు నెలలుగా మరమ్మతుకు నోచుకోకపోతే వేరే సంస్థలో స్లాట్ ఇప్పించాలి. అంశం మరీ పెద్దదైతే ఒక లక్ష్యాన్ని తీసేసి, ఆ మార్పుకు ఆమోదం తీసుకోవాలి. రాయలేక ఆగిపోతే రెండు వారాలకు ఐదు పేజీల చొప్పున గడువు పెట్టాలి. మొత్తం అధ్యాయం ఒకేసారి అడిగితే అది ఎప్పటికీ రాదు. గైడ్ దగ్గర ఆగితే ఇచ్చిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ రాసే రిజిస్టర్ పెట్టి, నాలుగు వారాలు దాటితే శాఖాధిపతి అడగాలి.

పురోగతి బాగా లేదనుకున్నప్పుడు కమిటీ కారణాలు నమోదు చేసి, దిద్దుబాటు చర్యలు సూచించాలి. స్కాలర్ వాటిని పాటించకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకు నిర్దిష్ట కారణాలతో సిఫారసు చేయవచ్చు. మొదటి మెట్టు కాగితం మీద లేకుండా రెండోదానికి వెళ్లడం స్కాలర్‌కు అన్యాయం, విశ్వవిద్యాలయానికి కోర్టు చిక్కు.

పేపర్లు, పోలికల శాతం

2016 నిబంధనల్లో ఉన్న తప్పనిసరి ప్రచురణ షరతు 2022 నిబంధనల్లో లేదు; విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకుంటే అది వర్తిస్తుంది. పేపర్ల సంఖ్యను పురోగతికి కొలతగా వాడకండి. డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికల దారి అక్కడే తెరుచుకుంటుంది. నాణ్యమైన పత్రికలను గుర్తించే యూజీసీ కేర్ జాబితాను 2025లో నిలిపేశాక, పత్రిక మంచిదో కాదో తేల్చే బాధ్యత విశ్వవిద్యాలయాల మీదే పడింది. కాబట్టి పేపర్ పంపే ముందే పత్రిక పేరు కమిటీకి చెప్పే పద్ధతి పెట్టండి.

పోలికల తనిఖీ, అంటే రాత ఇతరుల రచనలతో ఎంత కలుస్తోందో చూడటం, అధ్యాయం రాగానే చేయించాలి. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు చర్య లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పణకు వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. తెలుగు థీసిస్‌లకు సాఫ్ట్‌వేర్ అంకె ఒక్కటే చాలదు. స్కాన్ బొమ్మలుగా ఉన్న పాత పుటలను అది చదవలేకపోవచ్చు. శోధ్‌గంగలో (థీసిస్‌ల జాతీయ ఆన్‌లైన్ భాండాగారం) అదే అంశం మీద ఉన్న థీసిస్‌లను ఒక సభ్యుడు తెరిచి, వరుసగా చదివి పోల్చాలి.

శాఖ మొత్తం మీద

ఏడాదికోసారి శాఖాధిపతి షీట్లన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. ప్రొఫెసర్‌కు 8, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4 మంది స్కాలర్లన్నది పరిమితి. ఎవరి దగ్గర ఎంతమంది ఉన్నారో, ఎవరెవరు ఏ మెట్టు దగ్గర ఆగారో చూడాలి. ఒకే గైడ్ దగ్గర నలుగురూ సినాప్సిస్ దగ్గరే ఆగితే లోపం నలుగురిలో వెతకనక్కర్లేదు.

గైడ్ రిటైర్మెంట్ తేదీనీ అదే షీటులో రాయండి. మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. రిటైరయ్యాక ఉన్న స్కాలర్లకు కో-గైడ్‌గా కొనసాగవచ్చు, అదీ 70 ఏళ్లు వచ్చే వరకే. ప్రధాన గైడ్ మారక తప్పదు కాబట్టి, రాబోయే గైడ్‌ను ఏడాది ముందే కమిటీలోకి తీసుకుని కనీసం రెండు సమీక్షల్లో కూర్చోబెట్టండి.