ఉత్తర కాంతులు కంటపడాలంటే ఏమేం చూసుకోవాలి, ఎలా?

ఉత్తర ధ్రువం చుట్టుపక్కల రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులే ఉత్తర కాంతులు (అరోరా). వాటి కోసం నార్వేలోని ట్రోమ్సో వెళ్లేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఒక్క అంకె చూసి రాత్రి సంగతి తేల్చేస్తారు. అది భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే కేపీ సూచిక, 0 నుంచి 9 దాకా ఉంటుంది. తక్కువుంటే దుప్పటి కప్పుకుని పడుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కేపీ భూమి మొత్తానికి మూడు గంటలకొకసారి వేసే లెక్క. ట్రోమ్సో కాంతులు తరచూ పుట్టే వలయం కిందే ఉంది, అక్కడ కేపీ 2 ఉన్నా ఆకాశం వెలగొచ్చు.

ముందు కాలం చూసుకోండి. సెప్టెంబర్ నుంచి మార్చి చివరి దాకా వెళ్లొచ్చు. నడి వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి కాంతులున్నా కనపడవు.

అక్కడికి చేరాక రోజూ సాయంత్రం చూడాల్సింది బీజెడ్ అనే కొలత. సూర్యుడి నుంచి విద్యుదావేశమున్న కణాల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, తనతో అయస్కాంత క్షేత్రాన్నీ మోసుకొస్తుంది. ఆ క్షేత్రం ఉత్తరం వైపు తిరిగి ఉంటే భూమి తలుపు దాదాపు మూసే ఉంటుంది. దక్షిణానికి తిరిగితే, అంటే బీజెడ్ మైనస్‌లోకి వెళితే, అది భూమి అయస్కాంత క్షేత్రంతో కలిసిపోతుంది. సూర్యుడి కణాలు సూటిగా ధ్రువాల మీద రాలతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి శక్తి ముందు భూమికి రాత్రి వైపు సాగి ఉన్న అయస్కాంత తోకలో పోగవుతుంది. ఆ తోక తెగి శక్తి విడుదలైనప్పుడు ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని మన వాతావరణం మీదికి దూకుతాయి. అర్ధరాత్రికి అటూ ఇటూ కాంతులు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

బీజెడ్ కొలిచే ఉపగ్రహాలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఉంటాయి. 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య ఎల్1 కూడా ఆ చోటి నుంచే చూస్తోంది. ఆ కణాల గాలి సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే అక్కడ కొలిచింది మన దాకా రావడానికి 50 నిమిషాలు పడుతుంది. బీజెడ్ మైనస్ 5 దాటి అలాగే నిలిచిందంటే వెంటనే కోటు తొడుక్కోండి.

తర్వాత మబ్బులు. కాంతులు దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తునుంటాయి, మబ్బులన్నీ వాటి కిందే. తీరంలో మూసుకుపోతే కారులో లోపలికి, స్కిబోట్న్ అనే ఊరి వైపు వెళ్లండి. సముద్రపు మబ్బుల్ని కొండలు చాలావరకు ఆపేస్తాయి.

చీకట్లో ఇరవై నిమిషాలైనా ఫోన్ ముట్టకుండా నిలబడండి. మొదట ఉత్తరాన పల్చటి బూడిదరంగు మబ్బు చారలా ఉంటుంది. అనుమానమొస్తే ఫోన్‌ను నైట్ మోడ్‌లో స్టాండు మీద పెట్టి ఒక ఫొటో తీయండి. ఆకుపచ్చగా వస్తే అది మబ్బు కాదు. మసక వెలుతురులో మన కంటికి రంగు పట్టదు, కెమెరాకి పడుతుంది. ఆ చార అలా గంటసేపు కదలకుండా ఉండొచ్చు. చాలామంది విసిగి అప్పుడే వెళ్లిపోతారు. ఉండండి. ఒక్కసారిగా అది చీర కుచ్చిళ్లలా మడతలు పడి, నడినెత్తికొచ్చి ఊగుతుంది.

అప్పుడు రంగులు చదవండి. పచ్చ ఆక్సిజన్‌ది. ఎలక్ట్రాన్ తగిలిన పరమాణువు ముప్పావు సెకనులో ఆ వెలుగు వదిలేస్తుంది. ఎరుపూ ఆక్సిజన్‌దే, కానీ దానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. గాలి చిక్కగా ఉన్నచోట ఆలోపే ఇంకో అణువు ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్ల పైనే మిగులుతుంది. ఇక పచ్చ చీరకు గులాబీ అంచులా కింద మెరిసేది నైట్రోజన్.

2024 మే 10న వచ్చిన పెద్ద సౌర తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఎరుపే కనిపించింది. అంత దూరం నుంచి పచ్చ భాగం దిగంతం కిందికి పోతుంది, పైనున్న ఎరుపు మాత్రమే కనపడుతుంది. అలాంటి తుఫాను వార్త మళ్లీ వచ్చినప్పుడు మీరు లద్దాఖ్‌లో ఉంటే, ఉత్తరాన కొండ అడ్డులేని చోట నిలబడి, కెమెరాను దిగంతం వైపు తిప్పి 15 సెకన్లు తెరిచి ఉంచండి.