ఫ్రిజ్ ఎట్ల సెలెక్ట్ చేసుకోవాల? షోరూమ్‌కి పోయే ముందు టేపు తీయండి

మా బంధువుల్లో ఎవరు ఫ్రిజ్ కొన్నా నన్నే తోడు పిలుస్తారు. తిరుపతిలో అయితే సరే, చిత్తూరు నుంచి కూడా ఫోన్ చేసి "ఆదివారం ఒకసారి వచ్చిపో అబ్బయ్యా" అంటారు. ఇప్పటికి పదిహేనో పదహారో కొనిపించుంటా, ఇంట్లో నాకు ఫ్రిజ్ బ్రోకర్ అని పేరు కూడా పెట్టేశారు, కమీషన్ మాత్రం ఒక కాఫీ. అయినా పోతా, ఎందుకంటే నేను పోకపోతే ఏం జరుగుతాదో నాకు తెలుసు. ఆఫర్ చూస్తారు, తలుపు మింద పూల డిజైన్ చూస్తారు, ఎన్ని లీటర్లు అని అడుగుతారు, డబ్బు కట్టేసి వచ్చేస్తారు. బండి ఇంటి ముందు ఆగినాక మొదలవుతాది అసలు కథ.

స్టెప్ 1: ఎన్ని లీటర్లు

ఇద్దరుంటే 190 చుట్టుపక్కల, నలుగురికి 250 నుంచి 300, ఆరుగురు ఉంటే 300 దాటాల. దీనికింక పెద్ద లెక్కలొద్దు. డబుల్ డోర్ అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, చెప్పే లీటర్లలో దగ్గర దగ్గర నాలుగో వంతు ఫ్రీజర్‌కే పోతాది. మాంసం తినని ఇండ్లలో ఆ ఫ్రీజర్‌లో ఏముంటాది, రెండు ఐస్ ట్రేలు, ఒక బఠానీల ప్యాకెట్, ఎప్పుడో కొండ నుంచి తెచ్చి మర్చిపోయిన లడ్డు. అట్లాంటోళ్ళు ఫ్రీజర్‌ని మామూలు ఫ్రిజ్‌గా మార్చుకునే కన్వర్టిబుల్ తీసుకోవాల. వారానికి సరిపడా కోడి, చేపలు తెచ్చిపెట్టుకునే ఇంట్లో ఆ బటన్ ఒక్కరోజు కూడా నొక్కరు, దానికి డబ్బు దండగ.

సైడ్ బై సైడ్ గురించి నన్ను అడగొద్దు. దాదాపు మూడడుగుల వెడల్పు, నిలువుగా రెండు సన్న గదులు, పెళ్ళి నుంచి తెచ్చిన స్వీట్ బాక్సు కూడా అడ్డంగా పట్టదు. మన ఇండ్లకి అది కాదు.

స్టెప్ 2: డైరెక్ట్ కూలా, ఫ్రాస్ట్ ఫ్రీనా

200 లీటర్ల లోపల సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్, ఆ పైన ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్. డైరెక్ట్ కూల్‌లో ఐస్ గడ్డకడతాది, అప్పుడప్పుడు డీఫ్రాస్ట్ బటన్ నొక్కాల, తక్కువ కరెంట్‌తో గడిచిపోతాది. ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్యాన్ చల్లగాలి తిప్పుతాది, ఐస్ పేరుకోకుండా ఒక హీటర్ ఉంటాది, గాలి తగిలేచోట మూత పెట్టకుండా వదిలేసిన కొత్తిమీర తొందరగా వాడిపోతాది. ఇంకో మాట, డైరెక్ట్ కూల్ ఐస్‌ని కత్తితో గీకేవాళ్ళు దయచేసి మానేయండి. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్600ఎ గ్యాస్, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. కొంచెమే ఉంటాది గానీ కత్తి మొన గొట్టానికి తగిలిందంటే గ్యాసూ పోయే, ఫ్రిజ్జూ పోయే.

ఇన్వర్టర్ కంప్రెసర్ అంటే కరెంట్ పోయినా నడిచేది కాదు సామీ. కంప్రెసర్ స్పీడు అవసరాన్ని బట్టి పెరిగి తగ్గుతాది, అంతే దాని అర్థం. మా బావ ఒకాయన కరెంట్ పోయిన రాత్రి ఫ్రిజ్ ముందర నిలబడుకోని "ఇన్వర్టర్ అని పన్నెండొందలు ఎక్కువ తీసుకున్నారే" అన్నాడు.

స్టెప్ 3: కొలత (ఇక్కడే అందరూ మునిగేది)

ఇప్పుడు నెమ్మదిగా చదవండి.

ఫ్రిజ్ పెట్టే మూలని కొలుస్తారు అందరూ. రెండడుగులు ఉండాది, ఫ్రిజ్ 56 సెంటీమీటర్లు, సరిపోతాది అనుకుంటారు. ఆ మూలకి ఫ్రిజ్ ఆకాశంలో నుంచి దిగుతాదా? వీధి గేటు దాటాల, వరండా గ్రిల్ దాటాల, మెట్లెక్కాల, మెట్ల మలుపులో తిరగాల, తలవాకిలి, హాలు, ఆ తర్వాత వంటింటి వాకిలి. వీటన్నిట్లో అన్నింటికన్నా ఇరుకైనది ఏదో అదే మీ ఫ్రిజ్ సైజు. షోరూమ్ వాళ్ళు చెప్పేది కాదు.

నాలుగేండ్ల కింద చిత్తూరు గిరింపేటలో మా పిన్ని వాళ్ళు నన్ను పిలవకుండానే డబుల్ డోర్ కొనేశారు. సాయంత్రం ఫోను. "అబ్బయ్యా, ఫ్రిజ్ మెట్ల మలుపులో ఇరుక్కునింది, పైకి పోదు, కిందికి రాదు." నేను తిరుపతిలో బస్సెక్కి పోయేసరికి రాత్రి ఎనిమిదిన్నర, అప్పటికీ అది అట్లనే వాలుగా నిలబడి ఉంది, అట్టపెట్టె ఒక మూల చినిగి థర్మకోల్ బయటికొచ్చింది, పై వాటాలో పిల్లోడు ట్యూషన్ బ్యాగు నెత్తిన పెట్టుకోని దాని పక్కన దూరి దిగుతున్నాడు. మెట్ల వెడల్పు చూస్తే మూడడుగులు ఉంది, కానీ రెయిలింగ్ లోపలికి నాలుగంగుళాలు తినేసింది, అది ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి వెల్డింగ్ ఆయన్ని పిలిచి రెయిలింగ్ ఒక ముక్క కోయించి ఎక్కించాం. వెల్డింగ్ వెయ్యి, హమాలీలకి ఇంకో ఆరొందలు, తలుపు పక్కన చొట్ట ఫ్రీ.

అందుకని ఇట్ల కొలవండి. స్టీలు టేపు తీసుకోండి, టైలర్ టేపు వంగి మోసం చేస్తాది. వాకిలి కొలిచేటప్పుడు చౌకట్టు నుంచి చౌకట్టుకి కాదు, తలుపు తీసినాక ఆ తలుపు మందం పోను మిగిలింది కొలవాల. వంటింటి వాకిలి మన దగ్గర చాలా ఇండ్లలో రెండున్నర అడుగులే, అంటే 76 సెంటీమీటర్లు, తలుపు మందం, గొళ్ళెం పోతే డెబ్బై చిల్లర. 300 లీటర్ల ఫ్రిజ్ లోతు హ్యాండిల్‌తో కలిపి దానికి దగ్గర దగ్గరకి వస్తాది. పెట్టెతో కొలత వేరే, ప్రతి పక్కా ఒక అంగుళమైనా ఎక్కువ వేసుకోండి. మెట్ల మలుపు దగ్గర వెడల్పు ఒకటే చాలదు, ఫ్రిజ్‌ని వాల్చి తిప్పుతారు కాబట్టి దాని మూల నుంచి మూలకి ఎంతో చూడాల. 160 సెంటీమీటర్ల ఎత్తు, 67 లోతు ఉన్న ఫ్రిజ్ వాల్చితే మూలకి 173 దాటుతాది. మలుపు మింద స్లాబు కిందికి ఉంటే అక్కడే తగులుకుంటాది.

సరే, లోపలికి వచ్చేసింది అనుకోండి. ఇప్పుడు నిలబెట్టే చోటు. ఈ కాలం ఫ్రిజ్‌లలో వెనకాల ఆ నల్ల జాలీ కనపడదు, వేడి బయటికి పంపే గొట్టాలు చాలా మోడళ్ళలో పక్క రేకుల లోపలే ఉంటాయి. అందుకే పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతాది. అది రిపేరు కాదు, అది దాని పని. ఆ వేడి పోయేదానికి సందు లేకుండా గోడకి గోడకి మధ్య దూర్చేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతానే ఉంటాది, బిల్లు మీకొస్తాది. ఎంత సందు వదలాలో మాన్యువల్లో రాసుంటాది, నా లెక్క మాత్రం పక్కల రెండేసి అంగుళాలు, వెనక మూడు, పైన అర అడుగు. దీనికి తక్కువయితే ఆ ఫ్రిజ్ వద్దు, చిన్నది చూడండి. పొయ్యి పక్కన పెట్టేవాళ్ళతో నేను మాట్లాడను.

ఇంకోటి, తలుపు ఎటు తెరుచుకుంటాది? మన దగ్గర దొరికేవాటిల్లో చాలావరకు బందులు కుడిపక్క ఉంటాయి. కుడిపక్కనే గోడ ఉంటే తలుపు తొంభై డిగ్రీల దగ్గర గోడకి కొట్టుకోని ఆగిపోతాది. తెరుచుకుంది కదా అంటారు. తెరుచుకుంది, కానీ అడుగున కూరగాయల డ్రా బయటికి లాగాలంటే తలుపు ఇంకా వెనక్కి పోవాల, లేకపోతే డ్రా అంచు తలుపు అరలకి తగులుతాది. మా పిన్ని ఫ్రిజ్‌కి రెండో జబ్బు ఇదే. రెయిలింగ్ కోసి ఎక్కించినామా, వంటింట్లో కుడి మూలకి పెట్టినామా, డ్రా సగమే వస్తాది. ఈరోజుకీ ఆమె ఆ సందులో చెయ్యి పెట్టి టమోటాలు ఒక్కొక్కటి తడిమి తీస్తాది. డ్రా కడగాలంటే ఇద్దరు కలిసి ఫ్రిజ్‌నే ముందుకి జరపాల, అందుకని కడగరు.

దీనికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది, యాప్‌లు గీప్‌లు అక్కర్లేదు. కొనాలనుకున్న మోడల్ కొలతలు నెట్లో చూసి, ఆ సందులు కూడా కలిపి, ముగ్గుపిండితో నేల మింద పెట్టె గీయండి. తలుపు తిరిగే చోటు కూడా వంపుగా గీయండి. తుడవకుండా రెండు రోజులు వంట చెయ్యండి. ఆ గీత తొక్కకుండా మీరు సింకు దగ్గరికి పోగలిగితే, గీత లోపల నిలబడకుండా దోసె పొయ్యగలిగితే, ఆ ఫ్రిజ్ మీదే. మా ఇంట్లో మొదటిరోజే మా ఆవిడ పదిసార్లు తొక్కింది, రెండోరోజు నేనే 310 నుంచి 260కి దిగినా. గోడ మింద పెన్సిల్‌తో ఎత్తు కూడా గీసుకోండి, పైన సజ్జ ఉంటే అక్కడ తెలుస్తాది. ఆ గీత దగ్గరే మూడు పిన్నుల సాకెట్ ఉండాదో లేదో కూడా అప్పుడే చూసేయండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మింద ఫ్రిజ్ నడపకూడదు.

స్టెప్ 4: షోరూమ్‌లో

టేపు, కొలతల చీటీ, ఇంకా మీ ఇంట్లో దోసె పిండి పెట్టే గిన్నె తీసుకోని పోండి. నవ్వుతారు, నవ్వనీండి. నేను సంచిలో స్టీలు గిన్నె తీసి అరలో పెట్టి చూస్తాంటే ఒక సేల్స్ కుర్రోడు "సార్, డెమోకి పిండి కూడా తెచ్చారా" అన్నాడు. మూడు మోడళ్ళలో ఒక్కదాంట్లోనే మూతతో సహా పట్టింది. పిండి పొంగేదానికి పైన నాలుగు వేళ్ళ సందు కూడా ఉండాల.

స్టార్ల గురించి. ఫ్రిజ్ ఎంత కరెంట్ తింటాదో చెప్పే సర్కారు లేబుల్ ఒకటి అతికించుంటాది, దాన్నే బీఈఈ లేబుల్ అంటారు, దాని మింద స్టార్ల కన్నా ముందు ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి, ఆ పక్కనే లేబుల్ ఏ కాలానికో ఉంటాది, అది కూడా చూడండి. స్టార్ల లెక్క కొన్నేండ్లకి ఒకసారి బిగిస్తారు, పాత స్టాకు మింద ఉన్న 5 స్టార్ కొత్త లెక్కలో అంత రాకపోవచ్చు. 3 స్టార్‌కి 5 స్టార్‌కి ఏడాదికి 60 యూనిట్లు తేడా అనుకుందాం, యూనిట్ 6 రూపాయలు వేసుకుంటే 360 రూపాయలు. దానికోసం నాలుగు వేలు ఎక్కువ పెడితే తిరిగొచ్చేదానికి పదకొండేండ్లు. కళ్ళు మూసుకోని 5 స్టారే కొనాల అనేవాళ్ళు ఈ లెక్క వేసినట్టు లేదు.

లోపల అతికించిన చిన్న స్టిక్కర్ మింద క్లైమేట్ క్లాస్ అని ఉంటాది, దాన్ని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. ఎన్ అంటే బయట 32 డిగ్రీల వరకు, ఎస్‌టి అంటే 38, టి అంటే 43 డిగ్రీల వరకు పనిచేసేటట్టు తయారైంది. మే నెలలో మన తిరుపతిలో మిద్దె మింద రేకుల గదిలో ఎంతుంటాదో మీకే తెలుసు. టి ఉంటేనే తీసుకోండి.

"జీఎస్టీ తగ్గింది సార్, అందుకే ఈ రేటు" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి. 2025 సెప్టెంబర్‌లో 28 నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకి, పెద్ద టీవీలకి. ఫ్రిజ్‌లకి 2018 జూలైలోనే 18 అయిపోయింది. పదేండ్ల వారంటీ అనే మాట కూడా అంతే, చాలావాటికి అది కంప్రెసర్‌కే, మిగతాదానికి ఏడాది. ఇక మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఎల్జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన అయ్యింది, అది రెడీ అయితే రేట్లు దిగుతాయని ఆగే మా మామలాంటోళ్ళు ఉన్నారు. ఫ్యాక్టరీ పక్కూరైతే ఫ్రిజ్ రేటు తగ్గాలని యాడా లేదు, అవసరం ఉంటే కొనేయండి. అడుగున ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు పెట్టుకునే డ్రా ఉన్నది మాత్రం నేను ఇష్టంగా తీసుకుంటా. అది చల్లబడదు, ఉత్త అరే, కానీ వంగి మంచం కింద వెతికే పని తప్పుతాది.

స్టెప్ 5: ఇంటికి వచ్చినాక

సంతకం పెట్టకముందే పెట్టె విప్పించి నాలుగు పక్కలా చొట్టలు చూడండి, ఫోటో తీసుకోండి. బండిలో పడుకోబెట్టి తెచ్చారా అని డ్రైవర్‌నే అడగండి. పడుకోబెట్టి తెచ్చుంటే కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పోయుంటాది, మూడు నాలుగు గంటలు నిలబెట్టి ఆ తర్వాత స్విచ్ వేయండి. తలుపు దానంతట అది మూసుకునేటట్టు, ఫ్రిజ్ ముందరి పక్క కొంచెం పైకి లేచేలా ముందరి కాళ్ళు ఒక చుట్టు తిప్పండి. మొదటిరోజు ఖాళీగా నడవనీండి, పక్కలు వేడిగా ఉన్నాయని కంపెనీకి ఫోన్ చెయ్యొద్దు. దోసె పిండి ఆ రాత్రికి బయటే ఉండనీండి, ఎట్లాగూ పులవాల కదా, పొద్దున పెట్టుకోండి.