స్పీకర్ గరగరమంటోందా? రిచీ స్ట్రీట్‌కి పరిగెత్తే ముందు ఇవి చూడండి

సౌండ్ కాస్త తేడా వస్తే చాలు, స్పీకర్‌ను సంచిలో పడేసుకుని మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి బయల్దేరేవాళ్లను చెన్నైలో ఏళ్ల తరబడి చూస్తున్నాను. మా బావగారు అలాగే వెళ్లి కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటులాంటి భాగం) మార్పించుకొచ్చారు. ఇంటికొచ్చి పెడితే మళ్లీ అదే గరగర. జబ్బంతా ఆంప్లిఫయర్ వెనక వదులైన వైరుది!

మల్టీమీటర్, స్క్రూడ్రైవర్, టార్చిలైటు ఉంటే చాలు. ఫ్యాను ఆపండి. వయొలిన్ కచేరీ పెట్టండి. సినిమా పాట పెడితే ఆ గోల స్పీకర్‌దో డ్రమ్ములదో తెలిసి చావదు.

1. వైర్లు మార్చండి. ఆంప్లిఫయర్ ఆపేసి, దాని వెనక ఎడమ వైరు కుడికి, కుడి వైరు ఎడమకి పెట్టండి. గరగర రెండో స్పీకర్‌లోకి వెళ్లిందంటే తప్పు ఆంప్లిఫయర్‌ది, లేదా దానికి వచ్చే పిన్నులది. పాత స్పీకర్‌లోనే ఉంటే దాని వైరునూ అనుమానించండి. సముద్రం దగ్గరి ఇళ్లలో రాగితీగకు పచ్చగా చిలుము పడుతుంది. గీకి మళ్లీ బిగించండి.

2. టార్చి వేసి చూడండి. ముందు జాలీ తీసేయండి. కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ వేలికి పొడిగా రాలుతోందా? ఇంకేం వెతకక్కర్లేదు, దొంగ దొరికాడు. ఫోమ్ రింగు ఒక్కటే మారిస్తే సరిపోతుంది.

3. కోన్ నొక్కి చూడండి. నూటికి తొంభైమంది పాడుచేసేది ఇక్కడే.

ఆంప్లిఫయర్ ఆపే ఉండాలి. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టండి. నడుమ ఉన్న బుడిపెను మాత్రం ముట్టుకోకండి, సొట్ట పడితే మళ్లీ లేవదు. ఆ బుడిపె చుట్టూ, కోన్ మీద, రెండు చేతుల వేళ్లూ సమాన దూరంలో ఆనించి, అన్ని వేళ్లతో ఒకే బలంగా, నిటారుగా, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వినండి.

ఒక్క వేలితో ఒక పక్క నొక్కారనుకోండి, కోన్ వెనక ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, వాలిపోయి అయస్కాంతానికి రాసుకుంటుంది. ఆ సందు మిల్లీమీటరు కూడా ఉండదు మరి. నిక్షేపంలాంటి స్పీకర్ కూడా అప్పుడు బరబరమంటుంది. మీరేమో కాయిల్ పోయిందని తేల్చేస్తారు. అందుకే మూడుసార్లు, వేళ్లు జరిపి జరిపి చూడాలి. మూడుసార్లూ ఇసుక రాసినట్టు వినబడితేనే కాయిల్ వేడికి ఉబ్బినట్టు, లేదా స్పీకర్ కిందపడి అయస్కాంతం జరిగినట్టు. అది ఇంట్లో అయ్యే పని కాదు. మెత్తగా కదిలిందంటే గరగర వేరేచోట ఉంది: ఊడిన బుడిపె జిగురు, కోన్‌కి తగిలే సన్నతీగ, వదులైన స్క్రూ.

పైనున్న ట్వీటర్‌ను, అంటే సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్‌ను, ఎప్పుడూ నొక్కకండి. అది నొక్కే వస్తువు కాదు.

4. మీటరు పెట్టండి. ముందు వైర్లు విప్పేయాలి. 8 ఓమ్‌ల స్పీకర్ మామూలుగా 6, 7 చూపిస్తుంది, కంగారు పడకండి. అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టే. అయితే పెట్టె వెనక టెర్మినళ్ల దగ్గర కొలిస్తే ట్వీటర్ సంగతి తెలియదు, దానికి ముందు మీటరు కరెంటును ఆపేసే కెపాసిటర్ అడ్డుంటుంది. ట్వీటర్‌ను విప్పి విడిగా కొలవాలి.

కొందరు ఫోన్‌లో ఒకే కూత ఆగకుండా వినిపించే టోన్ యాప్ పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి "టెస్టింగ్" చేస్తారు. ఆంప్లిఫయర్ శక్తికి మించి అరిస్తే ముందు కాలేది ట్వీటరే. ఉన్న జబ్బుకి కొత్త జబ్బు తోడు.

ఇన్ని చూశాక కూడా కోన్ మార్చాల్సిందే అని తేలితే, రిచీ స్ట్రీట్‌కి బాగున్న స్పీకర్‌ను కూడా పట్టుకెళ్లండి, రెండూ పక్కపక్కనే పెట్టించి వినండి. ఆదివారం మాత్రం వెళ్లకండి, చాలా షాపులు మూసే ఉంటాయి.