వాయుగుండాల నెలల్లో లిఫ్ట్: ఇచ్చేవాళ్లకీ, ఎక్కేవాళ్లకీ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే పల్లె బస్సు ఆగిపోతుంది, ఇక ఊళ్లో బండి ఉన్నవాళ్లే దిక్కు. ఎవరి బండి ఎటు పోతుందో, ఎన్ని సీట్లు ఖాళీయో ముసురు పట్టకముందే ఊరి వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి. డయాలసిస్‌కు పోయేవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఆ పట్టీలో ముందుండాలి.

పాలసీ కాగితం బయటకు తీయండి, చాలామంది చూడనిది ఇదే. బైక్‌కు ఒట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంటే వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదు. ప్యాకేజీ పాలసీ, అంటే థర్డ్ పార్టీతో పాటు సొంత బండికీ కలిపి ఉండే కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్సు, ఉండాలి. తెల్ల నంబరు ప్లేటు కారులో తలకింతని వసూలు చేస్తే అద్దెకు తిప్పినట్టే, క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. దానికన్నా వంతులు మేలు: ఈ వారం మీ కారు, పై వారం మాది. రొయ్యల మేత తెచ్చే ఆటో ట్రాలీలో మనుషుల్ని మాత్రం ఎక్కించొద్దు.

బైక్ ఎక్కేవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. రెండోది ఇంట్లోంచే తెచ్చుకోవాలి. వదులు రెయిన్‌కోటు అంచు, చున్నీ, చీర కొంగు గాలికి ఎగిరి చైనులోనో చువ్వల్లోనో చుట్టుకుంటాయి. కూర్చునే ముందే తొడల కింద నొక్కిపెట్టుకోండి, ఆ తర్వాతే బండి కదలాలి.

అసలు ప్రమాదం చప్టాల మీద. పైన పారేది మోకాటి లోతే అనిపిస్తుంది, కింద కాంక్రీటు అంచు కోసుకుపోయి ఉంటుంది, బురదనీళ్లలో అది కనపడదు. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు తేలుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర ఏకంగా హైవే మీదే రాకపోకలు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఇక పల్లె చప్టా ఎంత! డ్రైవరు "ఏం కాదులే అన్నా" అంటే దిగిపోండి, మొహమాటం వద్దు. నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండరులోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి వదిలి మనుషులు ముందు బయటపడాలి.

హైవే మీద లిఫ్ట్ అడిగేవాళ్లు మెయిన్ రోడ్డు అంచున కాదు, సర్వీసు రోడ్డులో బస్ షెల్టరు దగ్గర నిలబడాలి. తడి రోడ్డు మీద వేగంగా వచ్చే కారు మీ కోసం బ్రేకు వేస్తే వెనక లారీకి ఆగే చోటుండదు. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో ఇంటికి పంపండి. తాగిన వాసనొస్తే ఎక్కొద్దు. హైవే మీద ఇబ్బందికి 1033, ప్రాణాపాయానికి 112.