ఎండాకాలం దాటించే కాంట్రాక్టు: విశాఖలో పార్కుల, డివైడర్ల పచ్చదనాన్ని అప్పగించే పద్ధతి

మార్చి 31తో పాత కాంట్రాక్టు ముగుస్తుంది. కొత్త టెండరు ఖరారై, అగ్రిమెంటు రాసుకుని, పని అప్పగించేసరికి మే నెల వచ్చేస్తుంది. ఆ మధ్య నలభై రోజులు డివైడర్ మొక్కలకు నీళ్లు పోసే నాథుడుండడు. మొదట నూరు వరహాల ఆకు మాడుతుంది, తర్వాత గడ్డి, ఆఖరికి రెండేళ్ల కిందట నాటిన చెట్టు. జూన్‌లో వానలు పడ్డాక కొత్త కాంట్రాక్టరు మళ్లీ నాటతాడు, మళ్లీ బిల్లు పెడతాడు.

అందుకని కాంట్రాక్టు రాయడానికి కూర్చున్నప్పుడు ముందు తేదీ మార్చండి. జూలై 1న మొదలై జూన్ 30న ముగిసేలా రాస్తే వేసవి నడిమధ్యలో చేతులు మారే గండం ఉండదు. గడువు కనీసం రెండేళ్లు, పని బాగుంటే మూడో ఏడాదికి పొడిగింపు. చివరి పదిహేను రోజులు పాత మనిషి, కొత్త మనిషి కలిసి పని చేయాలని రాయండి, ఇద్దరికీ ఆ రోజుల డబ్బు కట్టండి. ఆ ఖర్చు చచ్చిన మొక్కల ఖర్చు కంటే చాలా తక్కువ. నగరపాలక సంస్థ ఉద్యాన విభాగానికైనా, పోర్టుకైనా, పార్కును దత్తత తీసుకున్న కాలనీ సంఘానికైనా ఇదే వర్తిస్తుంది.

కొలిచాకే టెండరు

"బీచ్ రోడ్డు పచ్చదనం నిర్వహణ, ఒక పని" అని ఒక్క లైను రాసి టెండరు పిలిస్తే ఎవరికి తోచిన లెక్క వాళ్లు వేస్తారు. టేపు పట్టుకుని నడవాలి. ప్రతి ముక్కకూ ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, సగటు వెడల్పు, యూటర్న్ ఖాళీలు తీసేస్తే మిగిలే చదరపు మీటర్లు, గడ్డి ఎంత, పొదలు ఎంత, చెట్లు ఎన్ని, నీళ్లు ఎక్కడి నుంచి అన్నది రిజిస్టరులో రాయాలి. ఆ రోడ్డు ఎవరిదో కూడా చూసుకోండి. జాతీయ రహదారి 16 వెంబడి ఒక అడుగు ఇటైతే ఒక శాఖ, అటైతే ఇంకో శాఖ.

చెట్లకు నంబర్లు పెయింటుతో వేయించండి. మేకు కొట్టి రేకు బిగించడం వద్దు, ఆ గాయంలోంచే పుచ్చు మొదలవుతుంది. బతికున్నవాటితో పాటు చచ్చినవీ, సగం ఎండినవీ రాయాలి. అది లేకపోతే ఆరు నెలల తర్వాత "నేను తీసుకునేటప్పటికే ఎండిపోయాయండీ" అన్న మాటకు మీ దగ్గర జవాబుండదు. అప్పగించే రోజు ఇద్దరూ కలిసి తిరిగి, ఫొటోలు తీసి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలూ పెట్టాలి.

నీళ్ల లెక్క

ఇక్కడ తప్పితే మిగతా ఏ షరతూ ఆదుకోదు. వేసవిలో పచ్చిక గడ్డికి చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. వేళ్లూనుకున్న పొదలకు రోజు విడిచి రోజు చదరపు మీటరుకు 4 లీటర్లు పోస్తే నిలబడతాయి. కొత్తగా నాటిన చెట్టుకు మొదటి ఏడాది వారానికి రెండుసార్లు, తడవకు 20 నుంచి 30 లీటర్లు, పాదులో నిలిచి ఇంకేలా.

ఒక లెక్క వేద్దాం. ఆరు కిలోమీటర్ల డివైడర్, 1.2 మీటర్ల వెడల్పు, మొత్తం 7,200 చదరపు మీటర్లు, అంతా పొదలే. ఒక తడికి 28,800 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరయితే ఆరు ట్రిప్పులు. అంటే ఆ వెడల్పు డివైడర్‌కు కిలోమీటరుకు ఒక ట్యాంకరు. ఈ ఒక్క లెక్క మీ సూపర్‌వైజరు నోటికి రావాలి. ఒకే ట్యాంకరుతో రెండు కిలోమీటర్లు తడిపేశామంటే మొక్కకు అందింది సగమే.

ట్రిప్పులకూ ఒక హద్దుంది. నింపడానికి 20 నిమిషాలు, రానూపోనూ 40 నిమిషాలు, పైపుతో పాదుల్లో నెమ్మదిగా వదలడానికి ముప్పావు గంట నుంచి గంట. ఒక ట్రిప్పు దాదాపు రెండు గంటలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నాలుగు ట్రిప్పులు అయితే గొప్ప. కాబట్టి పైన చెప్పిన ఆరు కిలోమీటర్లను ఒకే రాత్రిలో తడపడానికి రెండు ట్యాంకర్లు ఉండాలని టెండరులోనే రాయండి. ఒక ట్యాంకరు పేరిట రాత్రికి తొమ్మిది ట్రిప్పులు కనిపించే లాగ్ బుక్కు మీద సంతకం పెట్టకండి. ట్యాంకరుకు జీపీఎస్, నింపే చోట నీటి మీటరు, ఈ రెండూ కలిస్తేనే ట్రిప్పు లెక్కలోకి రావాలి.

సముద్రానికి దగ్గర బోర్ల నీళ్లు వాడే ముందు ఈసీ పరీక్ష (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత పరీక్ష) చేయించండి. మీటరుకు 2 డెసీసీమెన్ల లోపు ఉంటే గన్నేరు, కాగితం పూలు తట్టుకుంటాయి. 3 దాటితే మామూలు గడ్డి మీద ఆశ వదులుకోండి. ఒక్కసారి పరీక్ష చాలదు. వానల తర్వాత తియ్యగా ఉన్న బోరు మే నెలకు ఉప్పెక్కుతుంది, మేలో తప్పకుండా మళ్లీ చూడాలి. శుద్ధి చేసిన మురుగునీరు దొరికితే వాడండి, తాగేనీటి ట్యాంకరుతో పొరబడకుండా ట్యాంకరు రంగు మార్చి, పైన పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ నీటిని స్ప్రింక్లరుతో చిమ్మకుండా పైపుతో పాదులోకి వదలాలి.

డివైడర్ మీద రాత్రిపూట పైపు పట్టుకున్న మనిషి ప్రాణం గురించి కూడా అగ్రిమెంటులో ఉండాలి. మెరిసే జాకెట్లు, ట్యాంకరు వెనక యాభై మీటర్ల నుంచి కోన్‌లు, మినుకుమినుకు లైటు, వెనక నిలబడి వాహనాలను పక్కకు మళ్లించే ఒక మనిషి. ఇవి లేని రోజు పని ఆపేసే అధికారం మీ సూపర్‌వైజరుకు ఇవ్వండి.

ప్యాకేజీ, రేటు, లెస్ టెండరు

నగరమంతా ఒకరికే ఇవ్వకండి. పది, పన్నెండు కిలోమీటర్ల డివైడర్ ఒక ప్యాకేజీ, పార్కులు వేరే, పెద్ద చెట్ల కొమ్మలు కొట్టే పని వేరే. మూడోదానికి లిఫ్టు బండి, చైన్ రంపం, తాడు మీద ఎక్కడం వచ్చిన మనుషులు కావాలి. గడ్డి కోసేవాళ్లతో ఆ పని చేయిస్తే కరెంటు తీగల దగ్గర ప్రమాదం. బీచ్ రోడ్డుదీ విడి ప్యాకేజీయే, అక్కడ ఉప్పు గాలికి మొక్కల మార్పిడి ఎక్కువ. నౌకాదళ ఫ్లీట్ రివ్యూ, జీ20 సదస్సు లాంటి వేడుకలకు కుండీ మొక్కలు అద్దెకు తేవడం, అప్పటికప్పుడు నాటడం వంటివి నిర్వహణ రేటులో కలపకుండా విడి రేటుగా అడగండి. లేదంటే వేడుక ఖర్చును రోజువారీ నీళ్లలో కోస్తారు.

రేటు చదరపు మీటరుకు నెలకు ఇంత అని ఉండాలి. మనుషుల లెక్కన ఇస్తే మస్టరులో పేర్లు పెరుగుతాయి, నాటిన మొక్కల లెక్కన ఇస్తే చచ్చినకొద్దీ కాంట్రాక్టరుకు లాభం. అయినా అంచనా తయారీకి మనుషుల లెక్క మీరు వేసుకోవాల్సిందే. గడ్డి, పొదలు కలిసిన పార్కుకు ఎకరానికి ఇద్దరితో మొదలుపెట్టి చూడండి. వారానికి ఒక సెలవు కాబట్టి ఆరు చోట్ల రోజూ మనిషి ఉండాలంటే ఏడుగురు కావాలి. కనీస వేతనం మీద యజమాని వాటాగా పీఎఫ్ దాదాపు 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. ఆపైన బోనసు, డీజిలు, గెత్తం, మందులు, పనిముట్లు.

ఈ ఖర్చుల్లో తగ్గించగలిగేవి చాలా కొద్ది. ముప్పై శాతం లెస్ వేసిన, అంటే అంచనా కంటే అంత తక్కువకు కోట్ చేసిన మనిషి ఆ ముప్పై శాతాన్ని ఎక్కడ మిగుల్చుకుంటాడు? నీళ్లలో, కూలీల పీఎఫ్‌లో. అంచనా కంటే 25 శాతానికి మించి తక్కువ కోట్ చేస్తే ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని, రేటు విడదీసి చూపాలని షరతు పెట్టండి. చూపలేకపోతే తిరస్కరించండి. మన్నించాల్సిన విషయం కాదది, కూలి డబ్బు ఎగ్గొట్టేది ఆ తక్కువ రేటే.

పన్ను సంగతి ఒకటి. నగరపాలక సంస్థకు పార్కుల నిర్వహణ కేవలం సేవగా అందిస్తే జీఎస్టీ మినహాయింపు ఉంది, సరుకుల వాటా మొత్తం విలువలో 25 శాతం దాటకపోయినా ఉంది. మొక్కలు, ఎరువు ఎక్కువగా కలిపేస్తే ఆ మినహాయింపు పోతుంది. పెద్ద ఎత్తున నాటే పనిని విడి టెండరుగా పిలవడానికి ఇదీ ఒక కారణం.

ఎవరికి ఇవ్వాలి

పూర్తయిన పనుల సర్టిఫికెట్లు చూసి ఊరుకోకండి, ఆ పని జరిగిన చోటికి ముందు చెప్పకుండా వెళ్లండి. ఏప్రిల్ లేదా మే నెలలో వెళ్తే ఇంకా మంచిది. బిల్లులు మూడు నెలలు ఆలస్యమైనా కూలీలకు జీతం ఇవ్వగల స్తోమత ఉందో లేదో బ్యాంకు కాగితాలతో చూడండి. ట్యాంకర్లు సొంతమా, లీజా అన్నది ఆర్సీ బుక్కుతో తేల్చుకోండి. ఒకే ట్యాంకరును మూడు టెండర్లలో చూపించడం మామూలే. ఇతర సంస్థల దగ్గర అదే నంబరు ఉందేమో ఒక ఫోను చేసి అడగాలి. మొక్కల మీద చదువో, అనుభవమో ఉన్న ఒక మనిషి పూర్తికాలం సైటులో ఉండాలి.

మొక్క మారిస్తే ఎలా మార్చాలి

"చచ్చిన మొక్క స్థానంలో కొత్త మొక్క" అని మాత్రమే రాస్తే జానెడు మొక్క వస్తుంది. పక్కనున్న మొక్కల ఎత్తులో మూడొంతుల్లో రెండొంతులైనా ఉండాలని, పదిహేను రోజుల్లో నాటాలని రాయండి.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు కొన్ని ఒండ్రు మట్టి గడ్డతో వస్తాయి. దాన్ని అలాగే మన ఎర్ర ఇసుక నేలలో పాతితే నీళ్లు గడ్డలోకి ఇంకకుండా చుట్టూ జారిపోతాయి. నేల తడిగా ఉంటుంది, మొక్క ఎండిపోతుంది. నాటే ముందు గడ్డను బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, అంచులు చేత్తో సడలించి, చుట్టుకుపోయిన వేళ్లు కత్తిరించాలి. ప్లాస్టిక్ సంచి పూర్తిగా తీయాలి. చెట్లకు మీటరు పొడవు, వెడల్పు, లోతు గొయ్యి, మూడో వంతు గెత్తం, కిలో వేపపిండి, ఊతకు సరుగుడు కర్ర. సిమెంటు పలకలు మొదలు దాకా పరచనివ్వకండి, కనీసం మీటరు చదరం మట్టి వదలాలి.

బీచ్ వైపు గంగరావి, పొన్న, బాదం, కొబ్బరి, గన్నేరు, కాగితం పూలు నిలబడతాయి. ఇసుక మీద బాలబంధి తీగను కలుపని పీకేయకుండా కూలీలకు చూపించి చెప్పండి, ఇసుకను పట్టి ఉంచేది అదే. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్టు అక్టోబరు, నవంబరుల్లో పూసినప్పుడు ఘాటు వాసనతో ఇబ్బందిగా ఉందని జనం ఏటా మొత్తుకుంటున్నారు. కొత్తగా నాటే జాబితాలోంచి దాన్నీ, కోనోకార్పస్ చెట్టునీ తీసేయండి.

కత్తిరింపు, తుపాను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా తీరం దాటాక నగరం చెట్లు లేని ఊరయింది. అక్టోబరు, నవంబరు తుపాన్లకు ముందే, సెప్టెంబరులో ఎండుకొమ్మలు, ఒరుసుకునే కొమ్మలు తీసి, గాలి దూరేలా తల పలుచన చేయించాలి. ఏడాదికి నాలుగో వంతుకు మించి పచ్చని కొమ్మ కొట్టకూడదు. తల నరికితే గుబురుగా బలహీనమైన చిగుళ్లు వచ్చి, తర్వాతి గాలికి అవే విరుగుతాయి. కొమ్మను మొదట కింది నుంచి కొంత కోసి, తర్వాత పై నుంచి తెగ్గోసి, మిగిలిన మోడును మానుకు కాస్త ఎడంగా, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోట కోయాలి. విద్యుత్తు సంస్థ తీగల కోసం కొమ్మలు కొట్టే తేదీలు ముందే తెలుసుకుని మీ మనిషిని పక్కన ఉంచండి.

చెట్టు నరకడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, కాంట్రాక్టరు సొంతంగా నరకకూడదు. కొట్టిన కలప సంస్థదే అని, తూకం వేసి లెక్కలో చూపాలని రాయండి. కలప కాంట్రాక్టరుదైతే మంచి కొమ్మలే ముందు పడతాయి.

తుపాను రేట్లు ముందే ఒప్పుకోండి. పడిన చెట్టు తొలగింపుకు ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 60 సెంటీమీటర్ల లోపు, 60 నుంచి 120, ఆపైన అని మూడు రేట్లు చాలు. ఒరిగిన చిన్న చెట్లను 48 గంటల్లో నిలబెట్టి, మూడు వైపులా సరుగుడు కర్రలు కట్టాలి. ఆలోపు వేళ్ల మీద తడి గోనె కప్పాలి. గాలి తగ్గగానే బీచ్ వైపు మొక్కల ఆకులను మంచినీళ్లతో కడగాలి, ఉప్పు ఆకు మీద ఎండితే అంచులు కాలతాయి.

తనిఖీ, బిల్లు

సైటుకు వెళ్లేటప్పుడు ఒక ఇనుప చువ్వ పట్టుకెళ్లండి. ఉదయం పది గంటలకు, తడిపామని చెప్పిన చోట మొక్క పక్కన గుచ్చండి. జానెడు లోతు సులువుగా దిగి, కొనకు తడి మట్టి అంటుకుని రావాలి. రెండంగుళాల దగ్గర ఆగి, కొన పొడిగా, దుమ్ముతో వస్తే పైపైన చల్లి వెళ్లారని అర్థం. కిలోమీటరుకు ఐదు చోట్ల గుచ్చి రాయండి, చోటు మీరే ఎంచుకోండి.

తర్వాత లేత చెట్ల మొదళ్లు చూడండి. బ్రష్ కట్టరు నైలాను దారం తగిలితే నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో బెరడు లేచిన గీత కనిపిస్తుంది. అది చుట్టూ కలిసిందంటే పైన ఆకు ఎంత పచ్చగా ఉన్నా ఆ చెట్టు పోయినట్టే. చెట్టు చుట్టూ అర మీటరు చేత్తోనే కలుపు తీయాలని, గాయమైతే మార్చే ఖర్చు కాంట్రాక్టరుదని రాయండి. పాదుల్లో, కుండీల పళ్లేల్లో నీరు రోజుల తరబడి నిలిచిందేమో చూడండి, డెంగీ దోమ అక్కడే పెరుగుతుంది.

నెలకు నూరు మార్కులు పెట్టుకోండి: నీళ్లకు 30, మొక్కలు బతకడానికి 25, గడ్డి కోతకు, కత్తిరింపుకు, శుభ్రతకు తలా 15. 80 దాటితే పూర్తి బిల్లు, తగ్గిన ప్రతి మార్కుకూ ఒక శాతం కోత. వరుసగా రెండు నెలలు 60 లోపు వస్తే నోటీసు. మార్చి నుంచి జూన్ దాకా నీళ్ల మార్కులు 45 చేసి, గడ్డి కోత, శుభ్రతల నుంచి ఆ పదిహేనూ తగ్గించండి. మార్కులు ఎక్కడ తగ్గాయో ఆ రోజే ఫొటోతో పంపాలి, నెలాఖరున చెప్తే గొడవే.

బిల్లుకు గత నెల కూలీల బ్యాంకు జమ కాగితం, పేర్లతో సహా పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు జతచేయాలి. నెలకోసారి ఇద్దరు కూలీలను పక్కకు పిలిచి, పాసుపుస్తకంలో ఎంత పడిందో అడగండి. అన్నీ సరిగ్గా ఉంటే బిల్లు పదిహేను రోజుల్లో ఇచ్చేయండి. నాలుగు నెలలు బిల్లు ఆపితే కాంట్రాక్టరు ముందు ఆపేది డీజిలు, అంటే నీళ్లు. అప్పుడు మీరు వేసే జరిమానా కాగితం మీదే ఉంటుంది.

సెక్యూరిటీ డిపాజిట్టును జూన్ 30న తిరిగి ఇవ్వకండి. మొదటి రోజు సంతకాలు పెట్టిన రిజిస్టరు తీసి, అవే చెట్ల నంబర్ల వెంట మీరు, పాత కాంట్రాక్టరు, కొత్త కాంట్రాక్టరు ముగ్గురూ నడిచి లెక్క తేల్చాక, తగ్గినవాటి ధర మినహాయించి మిగతాది జూలైలో ఇవ్వండి.