పెంపుడు కుక్కకు కూరగాయలు పెట్టే పద్ధతి

కుక్కను కేవలం మాంసాహారిగా భావించి కూరగాయల జోలికి పోనివారు కొందరైతే, మనం తినేదంతా దానికీ మంచిదేనని నమ్మేవారు మరికొందరు. మనుషులతో కలిసి బతికిన వేల ఏళ్లలో, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు ప్రతులు తోడేళ్లలో కన్నా కుక్కల్లో బాగా పెరిగాయి. కనుక ఉడికించిన దుంపలు వాటికి చక్కగానే అరుగుతాయి. అయితే కుక్క దవడ పక్కలకు కదిలి నమలగలిగేది కాదు, ఆ ఎంజైము దాని లాలాజలంలోనూ దాదాపు ఉండదు. దొరికినదాన్ని కొరికి మింగేయడమే దాని అలవాటు. పచ్చి క్యారెట్ ముక్కలు మలంలో దాదాపు పెట్టినవి పెట్టినట్టే కనబడడానికి కారణమిదే. కాబట్టి పళ్లు చేయని పనిని కత్తి, పొయ్యి చేయాలి.

కూరగాయను బాగా కడిగి, తొక్క మందంగా ఉంటే తీసి, గట్టి గింజలు, కాడలు వేరుచేసి, చిన్న ముక్కలుగా తరిగి, వేలితో నొక్కితే మెదిగేంత వరకు ఉడికించాలి. ఆవిరి మీద ఉడికిస్తే నీటిలో కరిగే విటమిన్లు అంతగా పోవు. నీళ్లలో ఉడికించినట్లయితే, చల్లారిన ఆ నీటిని కొద్దిగా తిండిలో కలపవచ్చు. ఉప్పు, కారం, నూనె, మసాలా ఏవీ వేయకూడదు. ఇంట్లోవారికి వండిన కూరలోంచి నాలుగు ముక్కలు తీసి కడిగి పెట్టడం కూడా సరికాదు, ఎందుకంటే ఉల్లి, వెల్లుల్లి సారం అప్పటికే ఆ ముక్కల్లోకి దిగి ఉంటుంది. చిన్న జాతి కుక్కలకూ, ఆత్రంగా మింగేవాటికీ మెత్తగా మెదిపి పెట్టడం మేలు. పచ్చి క్యారెట్‌ను గుండ్రటి మందపాటి ముక్కలుగా కోస్తే గొంతుకు అడ్డంపడే ప్రమాదముంది.

కొత్త కూరగాయను మొదటిసారి ఒక చెంచాకు మించి పెట్టకుండా, రెండు మూడు రోజులు మరే కొత్త పదార్థమూ కలపకుండా గమనించాలి. విరేచనాలు, వాంతులు, దురద కనబడితే కారణమేదో అప్పుడే తెలుస్తుంది, నాలుగు రకాలు ఒకేసారి పెట్టినవారికి తెలియదు.

పరిమాణం విషయంలో పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది: రోజు మొత్తం క్యాలరీల్లో అదనపు తినుబండారాలన్నీ కలిపి 10 శాతం దాటకూడదు, మిగిలిన 90 శాతం సమతులాహారం నుంచే రావాలి. ఓ మోస్తరుగా తిరిగే 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 క్యాలరీలు అవసరమనుకుంటే, అదనానికి మిగిలేది 60. క్యారెట్ 100 గ్రాములకు 40 క్యాలరీలే కాబట్టి లెక్క ప్రకారం 150 గ్రాములు పెట్టవచ్చు. కానీ అంత పీచును అలవాటులేని పేగు ఒక్కసారిగా తట్టుకోలేదు కాబట్టి, ఆ పరిమాణపు కుక్కకు రెండు మూడు చెంచాలు చాలని నా అభిప్రాయం. బరువు తగ్గించాలని రోజువారీ తిండిలో సగం తీసేసి బీన్స్ నింపేవారున్నారు. పశువైద్యుణ్ణి అడగకుండా అలా చేస్తే, క్యాలరీలతోపాటు మాంసకృత్తులూ ఖనిజాలూ తగ్గిపోతాయి.

మొదలుపెట్టడానికి ఉడికించిన గుమ్మడికాయ అన్నిటికన్నా అనువైనది. దానిలోని పీచు కొద్దిపాటి విరేచనాలకూ మలబద్ధకానికీ రెండింటికీ ఉపకరిస్తుంది. క్యారెట్, బీన్స్, కీరదోస, ఉడికించిన చిలగడదుంప కూడా చాలా కుక్కలకు సరిపడతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ గ్యాస్ కలిగిస్తాయి కనుక కొంచెమే పెట్టాలి. పాలకూరలోనూ బీట్‌రూట్‌లోనూ ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాటికీ, మూత్రంలో రాళ్లు వచ్చినవాటికీ అవి వద్దు. బీట్‌రూట్ తిన్న మర్నాడు మలం ఎర్రగా కనబడితే మాత్రం అది రక్తమేనని కంగారుపడనక్కరలేదు. బంగాళాదుంపను ఉడికించే పెట్టాలి, పచ్చబడినవీ మొలకెత్తినవీ పారేయాలి. టమాటా బాగా పండినది కొద్దిగా పెట్టవచ్చు గాని, కాయ, ఆకు, కాడ పనికిరావు.

అసలు భయపడవలసినది ఉల్లి జాతికి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉల్లికాడలు అన్నింటిలోనూ ఉండే గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి రక్తహీనత తెస్తాయి. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడిచేసినా ఆ విషగుణం పోదు. ఉల్లిపాయను శరీర బరువులో 0.5 శాతం మించి ఒకేసారి తింటే ప్రమాదమని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. రోజూ కొంచెం కొంచెంగా తిన్నా హాని పేరుకుంటుంది. ఘాటు వాసనకు కుక్క దానంతట అదే దూరంగా ఉంటుందనుకోవడం పొరపాటు, కూర రుచి పట్టిన ఉల్లిముక్కను అది ఇష్టంగానే తింటుంది. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, ఆయాసం, మూత్రం ముదురు ఎరుపు లేదా గోధుమ రంగులోకి మారడం వంటి లక్షణాలు చాలాసార్లు కొన్ని రోజుల తరవాతగాని బయటపడవు.

గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకి విషం కాకపోయినా, ముక్కలుగా మింగితే పేగులో ఇరుక్కుని శస్త్రచికిత్స దాకా తీసుకెళుతుంది, చెత్తబుట్టకు మూత ఉండాలి. బయట మొలిచే పుట్టగొడుగులు, అవకాడో అసలు పెట్టకూడదు. కూరగాయలు కాకపోయినా ద్రాక్ష, ఎండుద్రాక్ష ప్రస్తావన ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే అవి కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి.

కుక్క తినకూడనిది తిన్నదని తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేసి, ఏది, ఎంత, ఎప్పుడు తిన్నదో, కుక్క బరువెంతో చెప్పాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు, ఆ ఉప్పే కుక్క ప్రాణం మీదికి తేగలదు. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుడే నిర్ణయించాలి. తిన్న పదార్థంలో కొంత మిగిలి ఉంటే దాన్ని, అది వచ్చిన ప్యాకెట్ ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్లాలి.